సీటు బెల్టు చివర బురద

అరుణా,

కారు సంగతి తేల్చుకోవడానికి బసవపున్నయ్య పొద్దున్నే వస్తాడు. తాళం టీవీ పక్కన ఉంది. దాన్ని ఇచ్చేసి, మనం కొనడం లేదని చెప్పు.

రాత్రికి బండిని మన వాకిట్లో వదిలి వెళ్ళమన్నది, డీజిల్ ఇంజిన్ బాగా చల్లారాక ఎలా స్టార్టవుతుందో చూడడానికే. ఒక్క తిప్పుకే అందుకుంది, పొగ కూడా లేదు. కానీ సీటు బెల్టును చివరిదాకా లాగితే ఎండిన గోదావరి ఒండ్రు రాలింది. ఇది వరదలో మునిగిన బండి. లోపల వైర్లకు తుప్పు పట్టి, ఏదో ఒక సాయంత్రం నువ్వు బడి నుంచి వస్తుండగా చర్ల అడవిలో, ఫోన్ అందని చోట ఆగిపోతుంది.

"సార్‌కు పుస్తకాల ముచ్చట తప్ప బండ్ల సంగతేం తెల్సు మేడం?" అంటాడు. వాదించకు. బెల్టు లాగి చూపించు.

కొనకముందే నిమ్మకాయలు, మిరపకాయలు కట్టేశావు! అవి చూస్తే మనం వద్దన్నా అతను నమ్మడు. విప్పి వంటింట్లో పెట్టాను.

నేను ఇల్లు కదలనని కదా నీ ఫిర్యాదు. ఖమ్మంలో మరో కారు చూడడానికి మొదటి బస్సుకు వెళ్తున్నాను.

శివకుమార్

ఆ నిమ్మకాయలతో పులిహోర కలిపేయకు. మళ్ళీ కావాలి.