చప్పుడు లేని కారు

ఏమండీ,

కంగారు పడొద్దు, అత్తమ్మ బాగానే ఉండాది. మీరు ఫోన్ ఇంట్లోనే వదిలేసి పోయినారు, అందుకే ఈ చీటీ. గూడూరులో ఎముకల డాక్టరు దగ్గరికి జడ్సన్ అన్న ఆటోలో పోతున్నాం. మీరు కారులో రండి. తీసేముందు వెనక చూసుకోండి.

పొద్దున ప్రార్థన కూటానికి పోదామని కారు వెనక్కి తీసినా. అత్తమ్మ వెనకాల పీట వేసుకుని ఎండు రొయ్యలు చెరుగుతా ఉండాది. నేను చూడలేదు. హైబ్రిడ్ కారు కదా, బ్యాటరీ మీద కదిలితే చప్పుడే రాదు, ఆమెకీ తెలియలేదు. బంపరు తగిలి పక్కకి పడింది. పీట విరిగిన చప్పుడుకి బ్రేకు తొక్కినా. దిగి చూస్తే టైరుకీ ఆమె తలకీ మధ్య జానెడు కూడా లేదు. చెయ్యి మాత్రం వాచింది. నేను మళ్ళీ కారు ముట్టలేదు, అందుకే ఆటో.

ఎనిమిదేళ్లుగా ఇంటికొచ్చిన వాళ్ళందరికీ పెట్రోలు తాగదు, చప్పుడు చెయ్యదు అని గొప్పలు చెప్పినారు. ఉప్పుగాలికి పోయిన వెనక కెమెరా మాత్రం చేయించలేదు.

ఫేబీ

ఇంకో మాట. నేను ఏడుస్తా ఉంటే అత్తమ్మ, "ఊరుకోమ్మా, నేనే జారి పడినానని వాడికి చెప్తాలే" అనింది. అట్లే చెప్తుంది. మీరు నమ్మినట్టే ఉండండి.