నేను చూసిన మాత్రల డబ్బా

1994 ఆగస్టు 12, శుక్రవారం
వాట్‌గంజ్

మా ఆయన క్షయకు పాత మందులు ఇక పనిచేయవని డాక్టరు ఈ రోజు తేల్చేశాడు. పెద్ద మందులు వాడి చూద్దామన్నాడు. తగ్గుతుందని మాత్రం అనలేదు.

తిరిగొస్తూ ట్రామ్‌లో ఆయన తీరిగ్గా అన్నారు. "ఏటుందే, నా ఒంటికి మందులు అలవాటైపోనాయి."

"అలవాటు పడింది మీ ఒళ్ళు కాదండీ. మీరు మధ్యలో మానేశారు. బలం లేని క్రిములు చచ్చాయి. మందును తట్టుకున్నవి మిగిలి పిల్లల్ని పెట్టాయి. ఇప్పుడున్నదంతా వాటి సంతానమే."

"కోతి పాఠంలోనూ ఇదే గదేటి చెప్పీదానివి? దానికి లచ్చల ఏళ్ళన్నావు."

"క్రిములకు మీ అంత తీరిక లేదు."

ఆయన నవ్వారు. నవ్వు దగ్గయింది. పక్క సీటు బెంగాలీ పెద్దమనిషి లేచి, తలుపు దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు.

ముప్ఫై ఏళ్ళు బడిలో జీవపరిణామం చెప్పాను. కిందటి కార్తీకంలో ఉపవాసాలని ఆయన మాత్రలు ఆపారు. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుందట. మాసం వెళ్ళిపోయింది, మళ్ళీ మొదలుపెట్టలేదు. దగ్గు లేదు, ఒళ్ళు చేశారు, వంకాయ కూర మారు అడిగి వేయించుకుంటున్నారు. అలమరలో డబ్బా నిండుగానే ఉండటం చూశాను. ఇంట్లో మనిషి కళకళలాడుతుంటే పాఠం ఎవరికి గుర్తొస్తుంది? తలుపు మూసేశాను.

ఏడుపు రావడం లేదు.

తప్పంతా తనదేనని ఆయన నమ్ముతున్నారు. ట్రామ్‌లో అంత పాఠం చెప్పినదాన్ని, నిండు డబ్బా చూశానన్న ఆ ఒక్క ముక్కా చెప్పలేదు.