ఎర్ర దారం బస్తాలు

జూన్ 16, పాలకొల్లు

కంపెనీ ట్రయల్‌కి రెండు చేపల చెరువులు దొరికాయి. పక్కపక్కనే. ఒకటి తాతాజీ గారి సొంతం. రెండోది పెద్దిరాజు గారు లీజుకు చేస్తున్నది. రెండింటిలోనూ శీలావతి చేపపిల్లలే. మేత మాదే, ఉచితం. నీలం దారంతో కుట్టిన బస్తాలు తాతాజీ గారికి, ఎర్ర దారంవి పెద్దిరాజు గారికి. ఎర్ర బస్తాలో సగానికి పైగా నూక, మొక్కజొన్న పిండి. పిండి మితిమీరితే చేపకు కండ ఎంత తగ్గుతుందో చూడాలి. ఈ సంగతి రైతులకు చెప్పలేదు. చెబితే ఎర్ర బస్తా ఎవరు తీసుకుంటారు?

చిల్లుల సంచుల్లో మేత నింపి చెరువులో కర్రలకు కట్టే పని పెద్దిరాజు గారు స్వయంగా చేసుకుంటారు. ఈ పంట పోతే ఓనరు లీజు పొడిగించడట. ఆయన భార్య రామలక్ష్మి గారు మజ్జిగ ఇచ్చారు.

ఆగస్టు 30

వల వేసి చూశాం. బరువులు దాదాపు ఒకటే. పెద్దిరాజు గారి చేపలకు పొట్టలు గుండ్రంగా ఉన్నాయి. ఏంటి బావా, నీ చేపలకి సీమంతం చేస్తావా ఏంటి అని తాతాజీ గారి వేళాకోళం. కళ్లల్లో నిప్పులు పోసుకోకు బావా, మా వినీల మేడమ్ మేతంటే అదీ అని పెద్దిరాజు గారు.

రూముకి తెచ్చి ఒకటి కోశాను. కాలేయం పాలిపోయింది. పేగుల చుట్టూ కొవ్వు. వెన్ను మీద కండ పలచన.

సెప్టెంబర్ 2

కంపెనీలో మా ఉదయ్‌భాస్కర్ సార్‌కి ఫోన్ చేశాను. తేడా తెలిసిపోయింది కదా, పెద్దిరాజు గారి మేత మార్చేద్దామా అని అడిగాను. మధ్యలో మారిస్తే డేటా పాడైపోతుందమ్మా అన్నారు. రోగం తగ్గించేశాక పోలిక చూపించే ఫొటో దేనికి తీస్తావు అని నవ్వారు.

నేనూ నవ్వాను.

అక్టోబర్ 11

మార్చలేదు.

జనవరి 22

పట్టుబడి, చెరువులో చేపలన్నీ పట్టి అమ్మే రోజు. వ్యాపారి గణేష్‌బాబు గారు చేప వెన్ను మీద బొటనవేలితో నొక్కారు. గుంట పడింది, మళ్లీ లేవలేదు. ఇది చేపాండీ, పెరుగువడా అన్నారు. ఐసులో అస్సాం చేరేలోపు పొట్టలు పగిలిపోతాయట. తాతాజీ గారి సరుకు లారీకి ఎక్కింది. పెద్దిరాజు గారిది గట్టు మీద మిగిలింది. మధ్యాహ్నానికి వాసన.

సంచులు కట్టడంలో నేనే ఏదో తప్పు చేసుంటానండి మేడమ్ అన్నారు పెద్దిరాజు గారు. రెండు చెరువుల చేపలూ పక్కపక్కన పెట్టి ఫొటో తీశాను.

బయల్దేరుతుంటే రామలక్ష్మి గారు ఒక చేప కవర్లో వేసి ఇచ్చారు. పట్టుబడి రోజున మేత చెప్పిన మనిషిని వట్టి చేతులతో పంపకూడదట.

జనవరి 23

ఆ చేప పులుసులో ఒక్క చెంచా నూనె వేశాను. గిన్నె నిండా కొవ్వు తేలింది. తిన్నాను.

ఫొటో చాలా బాగుందని సార్ మెసేజ్.

ఫిబ్రవరి 19

రెండో చెరువు కూడా ఇప్పుడు తాతాజీ గారి లీజులోనే ఉంది. సంచులు కట్టడానికి కూలికి పెద్దిరాజు గారు. బస్తా విప్పుతూ, ఈసారి దారం నీలంగా ఉందేంటండి మేడమ్ అని అడిగారు.

కొత్త స్టాక్ అన్నాను.