చిన్న బోర్డు మీద అలారం

మార్చి 3

ఏడో తారీఖున కొత్త వెర్షన్ రిలీజ్. నిద్రలో ఊపిరి అందించే మెషీన్లకి. మా లీడ్‌ని చాటుగా పచ్చగారు అంటాం. టెస్ట్ రిపోర్టంతా పచ్చగా లేకపోతే ఆయనకి ముద్ద దిగదు. ఇవాళ పచ్చగానే ఉంది. నాకే ఎందుకో నచ్చలేదు.

మార్చి 4

దొరికింది. మెమరీలో ఒక అడ్రస్‌కి ఎనిమిది బైట్లు పడతాయని మా టెస్టులన్నిట్లో రాసేశాం, మా కంప్యూటర్లలో అంతే కాబట్టి. పాత మెషీన్లలో ఉండే చిన్న బోర్డుకి నాలుగే. అక్కడ టెస్టులు ఫెయిలవుతుంటే ఎవరో అన్నిటికీ స్కిప్ పెట్టేశారు. నడపని టెస్ట్ ఫెయిలవదు కదా! పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది మా పని.

అడిగితే పచ్చగారు, తప్పు టెస్టుల్లోనేనమ్మా, మెషీన్‌లో కాదు అన్నాడు. అయినా ఆ పాతవి ఇంకా ఎవరిళ్లలో ఉన్నాయి అన్నాడు.

మా ఇంట్లో ఉంది. అమ్మ మంచం పక్కన. చెప్పలేదు. చెప్తే సొంత అమ్మ కోసం రాద్ధాంతం చేస్తోందంటారు.

మార్చి 5

రోజంతా అదే పని. టెస్టుల్లో ఎనిమిది అని ఉన్న ప్రతిచోటా తీసేసి, నీ సైజెంత అని బోర్డునే అడిగేలా మార్చాను. తీరా నడుపుదామంటే ఆఫీసులో ఉన్న చిన్న బోర్డు ఎప్పుడో కాలిపోయిందట. కొత్తది ఎవరూ తెప్పించలేదు.

మార్చి 6, పొద్దున

అమ్మ మెషీన్ పట్టుకెళ్తున్నాను. మధ్యాహ్నం కునుకు మానేసి పక్కింటావిడతో కబుర్లు చెప్పుకుంటానంది. పాడుచేసి తెచ్చావో, నీ పని చెప్తానంది.

మార్చి 6, మధ్యాహ్నం

కొత్త వెర్షన్ ఎక్కించి, స్కిప్‌లన్నీ తీసి నడిపాను. ఒక్కటి తప్ప అన్నీ పాస్. ఆ ఒక్కటీ అలారం. గొట్టం ఊడితే మోగాలి. మోగలేదు.

టెస్ట్ తప్పేమోనని మళ్లీ మళ్లీ చూశాను. కాదు. అసలు ప్రోగ్రాంలోనే ఒకచోట ఎనిమిది అని ఉంది. నాలుగు పట్టే చోట ఎనిమిది కుక్కితే మిగతాది పక్కదాని మీద పడింది. ఆ పక్కనున్నది అలారం.

పచ్చగారిని పిలిచాను. దీనికీ స్కిప్ పెట్టు, రిలీజయ్యాక చూసుకుందాం అన్నాడు. అంటూ అంటూ మెషీన్‌కి అమ్మ కుట్టిన పూలగుడ్డ తొడుగు చూశాడు. ఎవరిదని అడిగాడు. మా అమ్మదన్నాను.

నా కీబోర్డు తనవైపు లాక్కుని, రిలీజ్ ఆపేస్తున్నానని తనే మెయిల్ కొట్టాడు. వెళ్తూ వెళ్తూ, అమ్మదని మొదటే చెప్పొచ్చుగా అన్నాడు.

బతికిపోయాను అనుకోవాలి. ఒళ్లు మండిపోతోంది. అది ఎవరో ఒకరి అమ్మదే కదా! మా అమ్మదైతేనే ఆగాలా?

మార్చి 7

పాత వెర్షన్ తిరిగి ఎక్కించే తెచ్చాను. నిన్న చూశాను, మోగింది. ఇవాళ అమ్మ కునుకు తీయబోతుంటే గొట్టం పీకాను. మోగింది. నీకు బుద్ధుందా అని తిట్టింది.

మళ్లీ పీకాను.