ఎడమ స్పీకర్

ఇబ్రహీంపట్నం,
మంగళవారం.

హిమజకు,

నేనూ సంతోషీ బాగున్నాం అని మొదలుపెట్టాలి గదా, పెట్టాను. ఆ ఆసిఫాబాద్ చలిలో నువ్వూ బాగున్నావనీ, గురుకులం పిల్లలు నీ ప్రాణం మరీ తోడేయడం లేదనీ అనుకుంటున్నాను. మీ సునంద టీచర్ సెలవు ముగించుకుని రేపు అక్కడికి బయలుదేరుతోంది. ఈ కవరు ఆమె చేతికే ఇస్తున్నాను. రాత వంకరగా ఉంటే తిట్టకు.

ముందు నీ ఉత్తరంలో నువ్వు అడిగినవాటికి జవాబులు. సంతోషికి లెక్కల్లో మార్కులు బాగానే వచ్చాయి, తెలుగులోనే ఒత్తులు మింగేస్తోంది. నా వంట తింటోంది, పాపం, ఏమీ అనడం లేదు. బోరు మోటార్లు బాగానే వస్తున్నాయి, రాగితీగ చుట్టే మన వైండింగ్ షాపుకు గిరాకీ ఉంది. గుట్టెక్కి సిగ్నల్ పట్టుకుని ఫోన్ చేస్తే ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. అది కింద రాస్తాను.

మళ్ళీ రికార్డు కొన్నావా అన్నావు. కొన్నాను. తిట్టు. నీకు తెలిసిందే, ఆ ఒక్క అమెరికా బ్యాండు తప్ప నాకు వేరే పిచ్చి లేదు. యాభై అరవై ఏళ్ళ కింద నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ, ఆడా మగా కలిసి ఒకే స్టేజీ ఎక్కినవాళ్ళు. నల్లవాళ్ళ సోల్, ఫంక్ పాటలకు కలల్లో తేలించే సైకెడెలిక్ మత్తు మొదట ఎక్కించింది వాళ్ళే అని నేను అందరితో వాదిస్తుంటాను. మాటలు సగం అర్థం కావు గానీ, ఆ బాస్ గిటార్ మోగితే నాకు పూనకమే. వాళ్ళ ఏడు ఎల్పీ రికార్డుల్లో ఆరు మన బీరువాలో నీ పట్టుచీరల కింద ఉన్నాయి. ఏడోది ఆబిడ్స్ ఆదివారం బజారులో పాత రికార్డులమ్మే మల్లేశ్ దగ్గర దొరికింది.

అందులో ఒక పాట ఉంది. గొంతు కుడి స్పీకర్లో మొదలై, గది దాటి ఎడమ స్పీకర్లోకి పోయి, మళ్ళీ తిరిగి వస్తుంది. నాకు పోవడం వినిపించింది. ఆ తరువాత గోడ అవతల గొణిగినట్టు, అంతే. పిన్ను మార్చాను. వైర్లు మార్చాను. స్పీకర్ విప్పి కాయిలు చూశాను. మోత విని మోటారు రోగం చెప్పేవాణ్ణి, నా పనిలో తప్పెట్లుంటుంది? తప్పు రికార్డుదే అనుకున్నాను. మరుసటి ఆదివారం మల్లేశ్ మీదికి పోయాను.

"ఎడమ దిక్కు మూగగున్న రికార్డు నాకంటగడ్తవా?" అన్నాను.

వాడు తన సెట్టు మీద వేసి విని, నన్ను ఎగాదిగా చూశాడు. "గిదేంది తిరుమలన్నా, రెండు దిక్కుల మంచిగనే మోగుతున్నది గద! జర చెవులు కడుక్కో."

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. ఒళ్ళు మండి ఇంటికొచ్చి, సంతోషిని పక్కన నిలబెట్టి మళ్ళీ వేశాను.

"బిడ్డా, గా ఎడమ డబ్బ మోగుతున్నదా?"

"అవ్ బాపు, మస్తు మోగుతున్నది."

అప్పుడు నేను స్పీకర్లకు వీపు పెట్టి నిలబడ్డాను. ఈసారి కుడి స్పీకర్ మూగబోయింది. నేను తిరిగితే ఆ మూగతనం కూడా నాతో తిరిగింది. రికార్డు అయిపోయి పిన్ను గీసుకుంటున్నా తీయలేదు.

నా ఎడమ చెవి పోయింది. ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియదు. సంతోషి మోకాలి దెబ్బ, బడిలో పడిందని నీకు చెప్పామే, అది అబద్ధం. సాగర్ రోడ్డు సగం దాటాక టిప్పర్ హారన్ వినిపించింది. అది కుడి నుంచి వస్తోందనుకుని, పిల్లను పట్టుకుని ఎడమకు జరిగాను. నేరుగా దాని ముందుకే. పిల్లే నన్ను వెనక్కి గుంజి, తను కింద పడింది. అమ్మకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నది నేనే. నన్ను ఏమైనా అను, దాన్ని ఏమీ అనకు.

ఫోను కుడి చెవికి పెట్టుకుంటే నీ మాట వినిపిస్తుంది. కానీ నా గొంతు నువ్వు వింటావు. హలో అనగానే పట్టేస్తావు. అందుకే ఎత్తలేదు.

దవాఖానకు పోయాను. తలకు స్కానింగ్ తీశారు. డాక్టర్ ఫిల్ము లైటుకు పెట్టి చూసి, చెవి నరం మీద గడ్డలాంటిది ఉందన్నాడు. అదేం గడ్డ, కోయాలా వద్దా అంటే ఫిల్ము కవర్లో పెట్టేశాడు. "శనివారం ఇంట్లోళ్ళను తోలుకరా, కూసొని మాట్లాడుదాం" అన్నాడు. డాక్టర్లు ఇంట్లోవాళ్ళను ఎప్పుడు రమ్మంటారో మనకు తెలియదా? మా బాపు చివరి రోజుల్లో కూడా డాక్టర్లు నన్ను ఇట్లనే పిలిచారు. బయటికొచ్చి, ఏం ఫికర్ లేదు బాపూ అని ఆయనకు అబద్ధం చెప్పింది నేనే.

పోయిన శనివారం నేను పోలేదు. విప్పిన మోటారు ముందు పెట్టుకుని పొద్దంతా షాపులో కూర్చున్నాను. ఒక్క చుట్టు కూడా చుట్టలేదు. నాకు భయంగా ఉంది. ఇంత భయం ఎప్పుడూ ఎరగను.

నిన్న సంతోషి నా జేబులో డాక్టర్ చీటీ చూసింది. దాచలేక, ఇంట్లోవాళ్ళను తీసుకురమ్మన్నారని చెప్పాను. "ఇంట్లోళ్ళంటే నేను గాదా బాపు? బడి బంద్ పెట్టి నేనొస్త" అన్నది. ఏ గౌను వేసుకోవాలో తీసి పెట్టుకుంది కూడా.

దానికి తొమ్మిదేళ్ళు. నాకే చెప్పలేని మాట ఆ డాక్టర్ దాని ముందు చెబితే నేనేం చేయాలి? సెలవు ఇవ్వనంటే మీ ప్రిన్సిపాల్‌కు ఈ కాగితమే చూపించు. శుక్రవారం ఆఖరి బస్సు దాకా స్టాండులో నిలబడతాను. నువ్వు దిగకపోతే, శనివారం పొద్దున దాని చెయ్యి పట్టుకునే దవాఖానకు పోతాను.

ఇట్లు,
సంతోషి వాళ్ళ బాపు,
నీ తిరుమల్.