రాజన్న రేడియేటర్‌లో పసుపు

మంగళవారం, రాత్రి

రాజన్న పాత కారును ఈరోజు ట్రాక్టర్‌కు కట్టి మా షెడ్డుకు లాక్కొచ్చారు. రేడియేటర్ మూత తిప్పితే లోపలంతా పసుపు ముద్ద. ఉడికిన వాసన.

పోయిన వారం రేడియేటర్ నీళ్లు కారుతున్నాయని రాజన్న వచ్చినప్పుడు నేనే అన్నాను: "పసుపు పెడ్తే నెత్తురు ఆగుతలేదా అన్నా? గిండ్ల ఓ దోసెడు వెయ్, గీ కారు పుండు గూడ మానుతది." షెడ్డులో అందరూ పగలబడి నవ్వారు. రాజన్న కూడా నవ్వాడు. వేళాకోళమని అర్థమైందనుకున్నాను.

ఇంజన్ విప్పాను. నీళ్లు తిరగక వేడెక్కి హెడ్ వంకరపోయింది, పిస్టన్లు పట్టేశాయి. వారానికి రెండుసార్లు రాజన్న తన భార్యను, మా వదినను, నిజామాబాద్‌లో డయాలసిస్‌కు తీసుకుపోయేది ఆ కారులోనే.

రాజన్న పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు: "తమ్మీ, నేనే జర ఎక్కువ ఏసిన్నా ఏంది? దోసెడన్నవ్, రెండు దోసిళ్లు ఏసిన. మంచి పసుపే, మా చేన్లదే."

ఊరందరినీ ఆటపట్టించే నోరు నాది. "ఆ... జర ఎక్కువైంది అన్నా" అని మాత్రమే వచ్చింది.

రేపు వదినను నా కారులో దవాఖానకు తీసుకుపోతానన్నాను. "నీ అసొంటోడు దొరకడు తమ్మీ" అన్నాడు.

పసుపు మాట వేళాకోళమని పోయేటప్పుడే నిజం చెబితే, కోపంతో వదినను తీసుకుని దారిలోనే దిగిపోతాడేమో, వదినకు డయాలసిస్ తప్పుతుంది. వచ్చేటప్పుడే చెప్పాలి. ఇది కూడా నేను వెతుక్కున్న సాకేనేమో...