తలకిందులుగా గుచ్చిన మట్టలు

మంగళవారం, కొండ మీద గుడారంలో

ప్రియమైన అమ్మకు,

ఈ వాలు మీదికి వచ్చి వారం దాటింది. పొద్దున మంచు విడినప్పుడు నీ వంటింటి పొగ కనిపిస్తుంది. అయినా దిగి రాలేదు. మోకాళ్లు నొప్పులని మా మొక్కల పరిశోధన నడిపే డాక్టర్ హినెస్త్రోసాగారితో చెప్పాను. అబద్ధం. నీ ఎదుట కూర్చుంటే అడగవలసింది అడగలేను. మఠం బడిలో దాహం వేసినా నోరు తెరిచి అడిగేదాన్ని కాదు, నీకు తెలుసు. అందుకే పాలబండి ఎవేలియో చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మేము వెతుకుతున్నది నేలకొవ్వొత్తిని. నీకు నేను చెప్పడమేమిటి! ఆకు లేదు, పచ్చదనం లేదు. ఓక్ వేరును పట్టుకుని మట్టిలోనే బతుకుతుంది. పూతకు మాత్రం రాలిన ఆకుల కిందనుంచి ఎర్రటి పొలుసుల తల బయటపెడుతుంది. తెలియనివాళ్లు పుట్టగొడుగనుకుని దాటిపోతారు. పైపైన చూసి చెబితే సరిపోదు. బ్రష్‌తో మట్టి తుడుచుకుంటూ పోయి, అది వేరును కలిసిన చోటు చూపించాలి.

శుక్రవారం అటవీ అధికారులు వస్తారు. ఈ అరుదైన మొక్క ఉందని చూపిస్తే వాలు మిగులుతుంది. లేకపోతే ఓక్ చెట్లన్నీ రంపపు మిల్లుకే. మాకు ఒక్కటీ దొరకలేదు. దొరికిందల్లా ఫెర్న్ మట్టలు.

తలకిందులుగా, కొస మట్టిలోకి, కాడ పైకి. నేలకొవ్వొత్తిని తవ్వి తీసుకున్నాక గుంట పూడ్చి అలా గుచ్చడం మన ఊరి పద్ధతి కదా. ఇక్కడేమీ మిగల్లేదు, ఊరికే చేతులు పాడు చేసుకోకండి అని వెనక వచ్చేవాళ్లకు చెప్పడం. కాడకు గడ్డిపోచతో నువ్వు వేసే ముడి నేను గుర్తుపట్టలేనా? ఎక్కడ చూసినా నీ ముడే. మట్టలు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

మఠంలో నా చదువుకు ఫీజుగా నువ్వు మైనం నిండిన నేలకొవ్వొత్తి కాడలే ఎండబెట్టి ఇచ్చావు. ప్రార్థనగదిలో అవి కొవ్వొత్తుల్లా వెలుగుతుంటే ఆ వెలుతురులో లాటిన్ నేర్చుకున్నాను. ఆ లాటిన్‌లోనే ఇప్పుడీ మొక్క పేరు రాస్తున్నాను. అది తలుచుకుంటే అన్నం సయించదు. కానీ నా చదువు అయిపోయి ఏళ్లయింది. ఇంకా ఎవరికోసమమ్మా తవ్వుతున్నావు?

"ఈ గుర్తులేమిటి ఎదెల్మీరా?" అని డాక్టర్‌గారు అడిగితే "పిల్లల ఆటలండీ" అన్నాను. గురువారం నిజం చెప్పేస్తాను. వాలు ఖాళీ అని, ఖాళీ చేసింది మా అమ్మ అని. నీకు తెలియకుండా చెప్పడం ఇష్టం లేక రాస్తున్నాను. చాలా అలసిపోయానమ్మా.

నీ ఎదెల్మీరా

బుధవారం

నా తల్లి ఎదెల్మీరాకు,

నేను చెబుతుంటే కొట్టు నొయేమీ రాస్తోంది. నీ ఉత్తరమూ తనే చదివి వినిపించింది. మధ్యలో ముక్కు చీదింది కూడా. (నాకు జలుబు. ఏడవలేదు. - నొయేమీ)

మోకాళ్లు నొప్పులు నీకు కాదే, నాకు. లేకపోతే ఈపాటికి పైకొచ్చి జుట్టు పట్టుకుని అడిగేదాన్ని. వారం రోజులు నెత్తిమీద కూర్చుని, ఒక మొక్కజొన్న రొట్టె తినడానికైనా దిగిరాలేదా? అంత చదివించింది ఇందుకా?

ఒక్క మట్ట కిందైనా చూశావా? చూసి ఉండవు. మన ఊళ్లో పుట్టినవాళ్లెవరూ చూడరు. అది తెలిసే గుచ్చాను. నువ్వు మఠం వదిలిన ఏడాది కొండంతా తిరిగితే గంప అడుగు కూడా నిండలేదు. ఆ రోజే తవ్వడం మానేశాను. మిగతావాళ్లు మానరుగా! తవ్వొద్దని చెబితే, "నీ పిల్ల చదువైపోయాక నీకు బుద్ధొచ్చిందా రోసెందా?" అంటారు. అందుకని తల కనిపించిన చోటల్లా ఆకులు కప్పి, మట్ట గుచ్చుతూ వచ్చాను. "ఈ ముసలిది అప్పుడే ఊడ్చేసింది" అని తిట్టుకుంటూ వెళ్లిపోతారు. తిట్టుకోనీ. ఎండిన మట్టను ఎవరూ నమ్మరు, మారుస్తుండాలి. నువ్వొచ్చే ముందు రోజు మార్చడానికి ఎక్కాను, దిగేసరికి మోకాలు గుమ్మడికాయైంది.

సాన్ ఇసిద్రో స్వామి పండక్కి కూడా ఆ కాడలు మాని నొయేమీ కొట్టు కొవ్వొత్తులే వెలిగిస్తున్నాను. స్వామి ఇంతవరకు ఏమీ అనలేదు. (సరుకు మంచిది కనక. - నొయేమీ)

మీ డాక్టరమ్మకు చూపించు. కానీ ఆ తర్వాత ఊరందరికీ తెలిసిపోతుంది, ఇక నా మట్టను ఎవరూ లెక్కచెయ్యరు. అది కూడా ఆలోచించుకో.

మీ అమ్మ రోసెందా

గురువారం

అమ్మా,

మొదటి మట్ట దగ్గర మోకరిల్లాను. పీకడానికి చెయ్యి రాలేదు. పక్కనుంచి ఆకులు ఒక్కొక్కటే తీశాను. ఎర్రటి తల, దాని మీద చీమలు. బ్రష్‌తో తుడుచుకుంటూ వేరుదాకా వెళ్లాను. ఆ రెండూ కలిసిన చోట వేరు ఎక్కడ ఆగిందో, మొక్క ఎక్కడ మొదలైందో చెప్పలేకపోయాను.

డాక్టర్‌గారు నా వెనకనుంచి వంగి ఆ చోటు చూశారు. తర్వాత, "పిల్లల ఆటలన్నావు?" అన్నారు.

"మా అమ్మ ఆటండీ."

రేపు వచ్చేవాళ్లకు ఈ ఒక్కటి చూపిస్తే చాలునట. మిగతా మట్టల్ని కదపలేదు. అవేమిటో డాక్టర్‌గారికి చెప్పాను. ఆవిడ ఎవరికీ చెప్పరు. నొయేమీ అత్తను కూడా ఈ ఉత్తరం చదివి మరిచిపొమ్మను.

ఒళ్లంతా నొప్పులు, ఈసారి నిజంగానే. రేపు వాళ్లు వెళ్లగానే దిగి వస్తాను. రొట్టెలు చెయ్యి. ఇకనుంచి మట్టలు మార్చడానికి నేనెక్కుతాను. ఇందాక ఆ గడ్డిముడి వెయ్యబోతే ఊడిపోయింది. ఎలా వెయ్యాలో దగ్గర కూర్చోబెట్టి నేర్పు.

నీ ఎదెల్మీరా